సొరంగం దాటాక

బండి కొన్నప్పుడు
అద్దం మీద వెంట్రుకవాసి పగులొకటి వచ్చింది,
డిక్కీలో పిల్లల చేతితొడుగొకటి, ఎడమచేతిది,
స్టీరియోలో ఒక మనిషి.

తెర వెలగ్గానే ఆమె పేరు: యురాతే.
లిథువేనియా నుంచి లారీ వీపెక్కి వచ్చిన బండి కదా,
ఎవరో దిగడం మర్చిపోయారు.
తీసిపారెయ్ కుబాన్, అన్నాడు మెకానిక్ తిల్యెక్.
తీసేద్దామనే అనుకున్నాను.
కానీ బిష్కెక్ నుంచి ఓష్‌కి పన్నెండు గంటలు,
నలుగురు ప్రయాణికులు, అప్పుడప్పుడూ ఒక గొర్రెపిల్ల,
ఊరికే వచ్చే పాటని ఎవడు కాలదన్నుకుంటాడు?
దొంగతనమే. కాదనను.

ఒక చిక్కుంది.
ఆమె అక్కడ మొదలెడితే నాది ఇక్కడ ఆగిపోతుంది.
ఒక ఖాతాకి ఒక గొంతేనట.
చరణం సగంలో మూగబోతుంది స్టీరియో,
"మరోచోట వింటున్నారు" అని తెరమీద ఒక ముక్క.
ఎవరురా వింటున్నది? అంటుంది
వెనకసీట్లో బురుల్ ఆపా, పెరుగు ఉండ బుగ్గనేసుకుని.
ఏం చెప్పను?

మాకు పది, అక్కడ ఏడు.
ఆమె పనికి బయల్దేరే వేళ.
ఇరవై నిమిషాలు కిటికీ దించి గాలి వింటాను.
తర్వాత నా వంతు.

ఆమె విన్నవన్నీ నా తెరమీద వరసగా ఉంటాయి.
ఆ భాష నాకు రాదు.
ఒకే పాట పదకొండు సార్లు విన్నదంటే
భాషతో పనేముంది?
ఆ వారం నా వంతు కూడా ఆమెకే వదిలేశాను.

పిల్లల పాటలు మాత్రం
రెండు వారాలకోసారి, శనివారం పొద్దున్నించి
ఆదివారం సాయంత్రం దాకా.
మళ్ళీ పదమూడు రోజులు ఒక్కటీ ఉండదు.
ఆ లెక్క నాకెవరూ విప్పిచెప్పక్కర్లేదు.
నేనూ కోర్టు మెట్లెక్కినవాణ్ణే.
నా ఐజానా నాకు ఆదివారాలే.

ఒకసారి పొరపాటున,
కాదులే, కావాలనే,
మా కొముజ్ వాయిద్యం ఒకటి పెట్టి వదిలేశాను,
గుర్రం నీళ్ళలో దిగి నడిచినట్టుండేది.
మూడోనాడు చూస్తే
అక్కడి అర్ధరాత్రి అది మోగి ఉంది.
రెండుసార్లు.
ఆ పూట ఇద్దరి దగ్గర బాడుగ తీసుకోలేదు.
ఎందుకని అడిగితే
చిల్లర లేదన్నాను.

ఒంటె కనుమ సొరంగం
మూడు వేల మీటర్ల ఎత్తున, పొగా చీకటీ.
అందులో ఏ సిగ్నలూ చొరబడదు,
ముందే దాచుకున్నది కాస్త మోగుతుంది, అంతే.
మొన్న లోపలికి వెళ్ళేటప్పుడు పాట ఉంది.
బయటికొస్తే సూసమైర్ మైదానమంతా మంచు,
తోకలు గాలికి తిప్పి నిలబడ్డ గుర్రాలు,
తెరమీద ఒక ఖాళీ గడి:
మీరెవరు?

పాస్‌వర్డ్ మార్చుకుంది. మంచి పని చేసింది.
ఎప్పుడో మార్చుకోవలసింది.
చేతితొడుగు డ్యాష్‌బోర్డు మీదే ఉంది,
పంపుదామంటే ఊరి పేరైనా తెలీదు.
పాట ఏమైందిరా, అంది బురుల్ ఆపా.
గడిలో ఆ చిన్న గీత
ఆరుతూ వెలుగుతూ ఉంది.
ఓష్ దాకా
దానికి నేనేమీ చెప్పలేదు.