కాగితం మీది బరువు

ఆటోనగర్ కాంటా గదిల
పదకొండేండ్ల సంది అంకెలు చదువుతున్న.
ఇనుప పలక మీదికి లారీ ఎక్కుతుంటే
నా కుర్చీ కాళ్లకు ముందే తెలుస్తది,
సిమెంటా, ఉల్లిగడ్డలా, ఉత్త గాలా అని.

ఎల్లేష్ అడిగిండు ఒకనాడు,
పద్నాలుగు టైర్ల బండికి క్లీనరు,
చేతిల చాయ్ గ్లాసు, భుజమ్మీద నూనె గుడ్డ:
"అక్కా, బండి ఖాళీగనే ఉంది గద,
నా లైట్ లైసెన్స్ మీద నాగోల్ దాంక తోలితే ఏమైతది?"

స్లిప్పు తిప్పి వెనక రాసి చూపించిన: 7500.
గీతకు ఇవతల
టమాటల ట్రాలీ, నీళ్ల క్యాన్ల బండి,
కారు తోలే కార్డు చాలు.
అవతల అడుగు పెడితే హెవీ.

"ఇయ్యాల ఎంత తూగుతదని కాదు తమ్మీ,
నిండ నింపితే ఎంత తూగొచ్చో
ఆర్సీల రాసుంటది, ఆ అంకె చూస్తరు.
ఖాళీగ పోతున్నా
మోయగలిగిందంతా మోస్తున్నట్టే లెక్క."

వాడు గ్లాసు కింద పెట్టి
పలక నడుమ నిలబడ్డడు, చెప్పులిడిచి మరీ.
"నేనెంతక్కా?"
యాభై చూపించింది.
మా కాంటా పదులల్లనే మాట్లాడుతది.
మిగిలిన కిలో రెండు కిలోలు
ఏ రిజిస్టర్ల ఎక్కవు.

రాత్రి యార్డుల దీపాలార్పినంక
వాడు అదే బండిని రివర్స్ కొడతడని నాకెరుకే.
డ్రమ్ముల నడుమ, గోడకు జానెడు దూరంల ఆపుతడు.
పొద్దున టైర్ల అచ్చులు చూస్త,
చూడనట్టే ఊడుస్త.

మొయిజుద్దీన్ ఉస్తాద్‌కు కూడా ఎరుకే.
ముప్పై ఒక్కేండ్లు హెవీ తోలినోడు.
పోయిన రంజాన్ ముందు
రెన్యూవల్ కాగితం కోసం డాక్టర్ దగ్గరికి పోతే
గోడ మీది అక్షరాలు చదువుమన్నడట.
పై మూడు వరుసలు చదివిండు.
నాలుగో వరుస చూసి
"దుమ్ము తుడువున్రి సాబ్" అన్నడు.
దుమ్ము లేదు.
సంతకం కూడా లేదు.

అప్పటి సంది నా గది ముందట బల్ల ఆయనదే.
కండ్లు మూసుకొని కూసుంటడు,
పలక మీద బండి కూలబడ్డ చప్పుడు ఇని
"నలభై ఒకటి, మున్నూరు" అంటడు.
నేను తెర దిక్కు చూస్త.
నలభై ఒకటి, రెండు వందల తొంభై.
"నీ కాంటాకు సర్వీసింగ్ చేపించు బేటీ."

ఎల్లేష్‌ను పిలిచి లెక్క చెప్పింది కూడా ఆయనే:
"ఇరవై నిండినయా? నిండినయ్.
లైట్ చేతికొచ్చి ఏడాది కావాలె.
ఎనిమిది నెలలైంది గద,
ఇంక నాలుగు నెలలు చాయ్ తాగు.
రాత్రిపూట స్టీరింగ్ ముట్టకు.
గోడకు తెల్వదు నీకు ఎంతొచ్చో,
నీకు తెల్వదు గోడెనక ఎవరు పండుకున్నరో."

ఆ రాత్రి నుంచి అచ్చులు లేవు.
నిజం చెప్పాలంటే
ఊడ్చేటప్పుడు నాకే ఎట్లనో అనిపించింది.

టెస్టునాడు నేను పోలే, ఇన్నదే.
నాగోల్ ట్రాక్‌ల స్కూల్ బండి,
ఎనిమిది అంకె తిరిగిండు, మెట్ట మీద ఆపి
ఇంచు కూడా ఎనకకు జారకుండ లేపిండు.
కంచె బయట ఉస్తాద్,
ముప్పై ఒక్కేండ్లు క్లీనర్ల కేకలు ఇన్నోడు,
ఈసారి ఆయనే రేకు మీద అరచేతితో కొట్టుకుంట
"ఆనే దో, ఆనే దో... బస్!"
సెక్యూరిటీ ఆయన వచ్చి గద్దిరించిండట.

కార్డు పోస్టుల వచ్చిన తెల్లారి
ఎల్లేష్ బండి ఎక్కించిండు పలక మీదికి,
డ్రైవర్ దిక్కు నుంచి దిగిండు.
లోడు లేదు. ఉత్త బండి.

బల్ల మీద ఉస్తాద్ అంకె చెప్పలే.
నా దిక్కు మొఖం తిప్పి ఊకున్నడు.

స్లిప్పుల డ్రైవర్ పేరుకు ఒక గడి ఉంటది,
ఎవరూ నింపరు, నేనూ అడగ.
ఆనాడు నింపిన.
నింపి, కిటికీల నుంచి తల బయటపెట్టి
బల్ల దాంక ఇనపడేటట్టు చదివిన:
పదమూడు వేల నూట నలభై.