పెదాలు కలిసే చోటు

హైదరాబాదు స్టూడియో వాళ్ళు పంపిన కొరియా దయ్యాల సినిమా,
నాలుగో ముక్క.
కాజీపేట, ఫాతిమానగర్, రాత్రి ఒంటిగంట.
యార్డులో గూడ్సు బండి పెట్టెలు తగిలించుకుంటున్నది.
ఒక్కో దెబ్బకు బల్ల మీద చాయ్ గ్లాసు
వెంట్రుకవాసి జరుగుతున్నది.

నా పని చిన్నది.
వాళ్ళ నోట్లో మన మాట పెట్టాలి.
అర్థం కొంచెం అటూ ఇటూ అయినా ఎవరూ అడగరు,
పెదాలు కలిసే చోట మాత్రం కలవాలి.
ప, బ, మ.
ఈ మూడింటి దగ్గర
ఏ దేశపు మనిషైనా నోరు మూయాల్సిందే.

తెర మీద నలుగురికి వడ్డించిన బల్ల.
తింటున్నది ముగ్గురు.
తండ్రి చేప ముల్లు తీస్తూ తలెత్తడు.
తల్లి నాలుగో గిన్నెలో అన్నం ఒత్తుతుంది,
గరిటె వెనకవైపుతో, ఒత్తి ఒత్తి.
నడవా చివర మూసిన తలుపు.
కింది సందులోంచి తడి.
పిల్ల అడుగుతుంది, లోపల ఎవరు?
తల్లి అంటుంది,
అముదో ఒప్సొ.

ఎవరూ లేరు, అని.
ఐదక్షరాలకు ఐదక్షరాలు, సరిపోయిందనుకున్నా.
కానీ "ము" దగ్గర ఆమె పెదాలు మూస్తుంది,
నా "ఎవరూ" నోరు తెరుచుకునే పోతుంది.
(తర్వాతి "ప్" తో బాధ లేదు,
కెమెరా అప్పటికే తలుపు వైపు తిరుగుతుంది.)
వెనక్కి తిప్పాను. మళ్ళీ. మళ్ళీ.
మకారమున్న మాట కోసం తడుముకుంటుంటే
వేళ్ళే కొట్టాయి:

తమ్ముడు లేడు.

కుదిరింది.
ఎంత కుదిరిందంటే
ఆ కొరియా తల్లి
మా రైల్వే క్వార్టర్లోనే పుట్టినట్టుంది.

మా ఇంట్లో కరెంటు అనే మాట లేదు,
పంతొమ్మిదేళ్ళుగా.
బాపు "లైటు పాయె" అంటడు, అంతే.
బాత్రూంలో స్విచ్చుబోర్డు ఉండాల్సిన చోట
సిమెంటు మెత్తిన చదరం.
ఎన్నిసార్లు సున్నం వేసినా
అది వేరే రంగులోనే ఆరుతుంది.
కరెంటు పోయిన రాత్రులే
అమ్మ గురక పెట్టి నిద్రపోతుంది.

డిసెంబరు పొద్దు. బకెట్లో హీటర్ రాడ్.
"జెర సూస్తుండు ఫిలో, తమ్మి అటు పోతడు"
అన్నదని నాకు గుర్తు.
నాకు చెప్పనే లేదని అమ్మకు గుర్తు,
చెప్పకుండనే పాలకు పోయిందట.
స్విచ్చు నేనే ఏసిన అని
బాపు ఒకసారి తాగి ఏడ్చిండు.
ఆ పొద్దు ఆయన బండి బల్లార్షాలో ఉంది.
ఒక్క తప్పును ముగ్గురం
పంచుకోం. ఎవరి పూర్తి తప్పు వాళ్ళం
దిండు కింద పెట్టుకుని పడుకుంటాం.

ఇన్నయ్యకు నాలుగేళ్ళు.
సబ్బునురగతో మీసాలు పెట్టుకుని
"నేను బాపును" అనేవాడు.

గ్లాసు పట్టుకోబోయాను, ఇయర్‌ఫోన్ వైరు ఊడింది.
ఇల్లంతా ఆమె గొంతు:
అముదో ఒప్సొ.

పక్కగదిలో మంచం కిర్రుమంది.
గడప మీద అమ్మ, జుట్టు విరబోసుకుని,
మెడలో జపమాల మెలికపడి.
"ఎవలే, తమ్ముడంటున్నరు?"

సినిమా అన్నాను. కొరియా భాష అన్నాను.
వాళ్ళ మాటకు మన మాటకు పొంతనే లేదన్నాను.
ఆమె వచ్చి నా మంచం అంచున కూర్చుంది,
వెలుతురుకు కళ్ళు చికిలించి
ఆ రెండో తల్లిని చూసింది.
నాలుగో గిన్నెను చూసింది.
"అన్నం సల్లారుతున్నది" అన్నది.
కాసేపటికి,
"మళ్ళొకపారి పెట్టు."

పెట్టాను.
తడి. తలుపు. ఆ నోరు మూసుకుని తెరుచుకుంది.
అమ్మ నోరు కూడా.

"తలుపెనక ఎవ్వలున్నరే ఫిలో?"

నోరు తెరిచాను.
ఈ మాటకు వాళ్ళిచ్చిన వ్యవధి
ఒకటింపావు సెకను.