సదువు రానోడు

ముప్పై యేండ్ల నుంచి దవాఖానల
నాకు సదువు రాదు.

జీతం కాయితం మీద బొటనేలు గుద్దుత.
వార్డు నెంబరు ఎవరన్నా చెప్తెనే కదులుత.
హన్మకొండ చౌరస్తల చాయ్ పోసే ఖాజా సుత
బోర్డు సదివి నన్ను బస్సెక్కిస్తడు.

కొలువుకొచ్చిన మొదటి దినమే
రికార్డు రూముల వీరభద్రం సారు చెప్పిండు:
"పేరున్న దిక్కు నీ ఛాతికి,
ఉత్త అట్ట లోకానికి.
నువ్వెత్తుకున్నది కాయితం గాదు ఓదెలూ,
బట్టలిప్పిన మనిషిని."

గప్పుడే అనుకున్న,
మోసేటోనికి కండ్లుండద్దని.
రాత్రిబడిల రెండేండ్లు దిద్దిన ఓనమాలు,
సోడాసీసల మీద కూడబలికిన ఇంగ్లీషు
అన్నీ మూటగట్టి
మెట్ల కింద, పాత ఎక్స్‌రేల నడుమ దాసిన.

వానకాలం అంగి కింద, కడుపుకు ఆనిచ్చి మోసిన.
మేడారం జాతరప్పుడు
ఏటూరునాగారం నుంచి లక్కముద్ర కవరు
ఒళ్లె పెట్టుకొని వచ్చిన.
ఆగిన బస్సుల రాత్రంత నిద్రవోలే.
"బంగారమా కొడుకా?" అన్నది పక్కసీటు ముసలవ్వ,
బెల్లం అనుకొని.
ఊఁ కొట్టిన.

ఒకపారి ఘన్‌పూర్ బస్టాండుల
మా ఊరి మొండయ్య మామ
చాయ్ తాపిచ్చి, బీడీ ముట్టిచ్చి
అల్లుని ఫైలు సంగతి తీసిండు.
"మూడక్షరాలే అంటున్రు గదరా, ఏందియి?"
"నాకు ఒక్కటి సుత రాదు మామా."
నాలిక కాలింది. చాయ్ తోని గాదు.

తర్వాత ఫోన్లొచ్చినయ్.
ఫైలు నడుసుడు బందైంది, ఎగురుడు షురువైంది.
కొత్త పిలగాడు, మంచోడే,
పెద్ద డాక్టరుకు జల్ది అందాలని
రిపోర్టు ఫోటో కొట్టి పంపిండు.
వేలు జారింది.
డాక్టరు పేరు కిందనే ఉన్నది కులసంఘం గ్రూపు.
పొద్దుమూకకముందే పరకాల చేరింది.

బీడీల కార్ఖానల తిరుపతమ్మ చాట పక్కకు
తెల్లారి ఎవ్వలు కూసోలే.
మందులకొచ్చినప్పుడు ఎవల్నీ తిట్టలే.
నన్నే అడిగింది:
"నీకు సదువు రాదు గదన్నా,
మరి గా ఫోనుకెట్లొచ్చింది?"
నేను స్ట్రెచరు చక్రం తుడుసుకుంట నిలబడ్డ.
తుడిసిన చక్రమే మళ్ల తుడిసిన.

ఇప్పుడు వీరభద్రం సారు కుర్సీల
చార్‌బౌళి పిల్ల నుజ్హత్ కూసుంటది.
పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు
చున్నీ కొంగు వేళ్ల మీద కప్పుతది.
నేను గోడ దిక్కు తిరుగుత.
ఇద్దరికీ మర్యాదనే.

ఫైళ్లకు తాళమేసి హైదరాబాదుకు పంపుతది.
చెవి గా కొసకున్న డాక్టరు కాడనే.
"నడిమిట్ల ఎవడన్న దొరకబడితే
గిట్ల కనబడ్తది చాచా" అని సూపెట్టింది.
వంగి చూసిన.
బండి మీంచి ఒలికిన జొన్నల లెక్క
అక్షరాలు, అంకెలు, చుక్కలు.
ఒక్క పేరు లేదు, ఒక్క రోగం లేదు.
నవ్వొచ్చింది.
"దీనికి సుత సదువు రాదా బిడ్డా?"
"వచ్చు చాచా. రానట్టు ఉంటది."

ఇంకోటి సుత చెప్పింది.
ఎవరు తెరిచిన్రో, ఎన్ని గంటలకో
అది రాసి పెట్టుకుంటదట.
కొట్టెయ్యనీకి ఎవ్వలకూ రాదట.

నా లెక్క ఎవ్వలు రాసిన్రు?

ఒక్క ఫైలు తెరిచిన నేను.
రెండో అంతస్తు మెట్ల మలుపుల,
కరెంటు పోయిన పగటిపూట,
కిటికీ సందుల ఉన్నంత వెలుగుల.
ఛాతి దిక్కున్న పేరు ఐలవ్వ.
నా ఇంటామె.

డాక్టరు చెప్పింది నాలుగు దినాలకు.
గా నాలుగు దినాలు
మక్కగట్క కలుపుకుంట,
కోళ్లకు నూకలు జల్లుకుంట అడిగింది:
"ఏం రాసిన్రట?"
"నాకు సదువు రాదు గదనే."

అవునన్నట్టు తలూపింది.
రాత్రిబడిల నా పక్క పలక
ఆమెదే.