నూరు శాతం ఎరుపు

నెత్తుటికి ఒక లెక్కుంది.
పసుపు నూరు శాతం, గులాబీ నూరు శాతం,
నీలం అసలు తగలకూడదు.
మొదటి రోజే మేస్త్రీ హాస్కెల్ చెప్పాడు
కూరలో ఉప్పెంతో చెప్పినంత మామూలుగా.

బ్రిడ్జ్‌పోర్ట్‌లో, రైలుకట్ట పక్క షెడ్డులో
నలభైమంది ఆడవాళ్ళం.
ఏ రంగు ఎంత మేర పడాలో అంత మేరా
పారదర్శకపు రేకు మీద నల్లగా పూసేవాళ్ళం.
మా చేతికి అంటిందంతా నలుపే.
రంగులు ఎక్కడో అచ్చుయంత్రం కడుపులో పుట్టేవి.

అంగారకుడి మీది మనిషికి పసుపు నూరు, నీలం సగం.
రాకెట్టు తోకకి పసుపు, అంచున పావు గులాబీ.
శవపేటికకి మూడూ కాస్త కాస్త.
యాద్విగ రోజుకి పదహారు పిశాచాలు ముగించి
సాయంత్రం చర్చిలో కొవ్వొత్తి వెలిగించేది.
"దయ్యాల భయానికి కాదే, అద్దె భయానికి" అనేది.

పది సెంట్ల పుస్తకం.
కాగితం ఎంత నాసిరకమంటే
వెనక పేజీలోని రాక్షసుడు
ముందు పేజీలోని పెళ్ళికూతురి బుగ్గలోంచి తొంగిచూసేవాడు.
అమ్ముడుపోకపోతే అట్ట మీద పేరున్న ముక్క చించి
ఆ ముక్కనే వెనక్కి పంపి డబ్బు రాబట్టుకునేవారు.
మిగిలిన మొండెం ఐదు సెంట్లకి, గల్లా కింద, గుట్టుగా.
ఆ కథలన్నిట్లో
తలలు తెగడం నేను కళ్ళారా చూసింది అదొక్కటే.

యాభై మూడు చలికాలంలో ఒక కథ వచ్చింది.
యుద్ధంలో పోయినవాడు ఆరో పేజీలో
మట్టి తోసుకుని లేచి ఇంటికి నడుస్తాడు.
చొక్కా బూడిదరంగు అని అంచున రాసుంది.
నేను నీలం సగం వేశాను, గులాబీ పావు.
ఉంబెర్తో ఆంజియో తీరంలో ఉండిపోయాడు,
ఆ రంగు చొక్కా మా ఇంట్లో ఉండిపోయింది.
ఎనిమిది గళ్ళు. ఎనిమిది సార్లు తొడిగాను.
ఎనిమిదో గడిలో తలుపు కొట్టాడు.
తీసినామె కెవ్వుమంది, కథ అయిపోయింది.
నేనైతే అరిచేదాన్ని కాదు.

మర్నాడు కాదుగానీ మరుసటేడు
రాజధానిలో పెద్దమనుషులు కూర్చున్నారు.
మైకుల ముందు మా పుస్తకాలు రెండువేళ్ళతో ఎత్తిపట్టి
పిల్లలు పాడైపోతున్నారన్నారు.
నవంబరులో రెంజో బడి నుంచి వచ్చాడు
కోటు నిండా పొగ వాసనతో.
"ఉన్నవన్నీ మంటలో వేసేశానమ్మా!
బల్ల మీది జాబితాలో నా పేరే మొదటిది."
ఆరో పేజీలో ఎవరున్నారో వాడికేం తెలుసు?
చేతులు కడుక్కోమన్నాను.
సూపు వేడిగా ఉంది, ఊదుకుని తాగమన్నాను.

తర్వాత నియమాలు దిగాయి.
నెత్తురు వద్దు.
నుదుటి మీద చెమట చుక్క కూడా ఆలోచించి వేయాలి.
భయం అన్న మాట అట్ట మీద కనపడకూడదు.
చచ్చినవాళ్ళు లేచి తిరగకూడదు.
ఇది విని యాద్విగ పగలబడి నవ్వింది,
"ఇన్నాళ్ళూ వాళ్ళకి పర్మిషనుందన్నమాట!"
నవ్వి నవ్వి ముక్కు తుడుచుకుంది.
ఆ నెలాఖరుకి మమ్మల్ని పద్నాలుగు మందిని చేశారు,
ఆమె అందులో లేదు.

కొత్త కథలకి డబ్బుల్లేక
పాతవే సాపు చేసి మళ్ళీ అచ్చేశారు.
ఆ రేకులు నా బల్ల మీదికే వచ్చాయి.
ఇప్పుడు వాడు చావలేదట, దారి తప్పాడట.
గోతిలో మట్టిని మంచు చేశారు.
ఆమె కేక చెరిపి ఆ బుడగలో
"వచ్చావా" అని రాశారు.
అంత మంచి మాట మాకెవరూ రాసివ్వలేదు.

చొక్కా బూడిదరంగు చేయాలి, అని పెన్సిల్ రాత.
గళ్ళు ఎనిమిది.
ఏడింటిలో మార్చాను.
హాస్కెల్ నా వెనకే నిలబడి లెక్కపెట్టాడు,
పెదాలు కదలడం కిటికీ అద్దంలో కనిపించింది.
ఏడు దగ్గర ఆగి
అగ్గిపెట్టె కోసం జేబులు వెతుక్కుంటూ
అటు నడిచాడు.