కచ్చా కుట్టు

శనివారం రాత్రి ఏడున్నరకి
దేశం సగం చూస్తుండగా జారిపోయే ప్యాంటు
నేను కుట్టిందే.

నడుము దగ్గర ఏడు కచ్చా కుట్లు.
ఆరేస్తే తొందరపడి తెర వెనకే జారేది,
ఎనిమిదేస్తే మొండికేసేది.
ఏడు. అదీ నానిన పాత దారంతో,
ఊపిరి బిగబట్టి వదిలితే
పుటుక్కున తెగేట్టు.

ఈనాక్ లంబ్.
గ్రిమ్స్‌బీ రేవులో కాడ్ చేపల పొట్టలు చీరిన కుర్రాడు.
లీడ్స్ స్టూడియోకి వచ్చి పదేళ్లయినా
రోజూ నిమ్మచెక్కతో చేతులు రుద్దుకునేవాడు.
"డోరీన్, వాసనొస్తోందా?"
లేదనేదాన్ని.
వచ్చేది, కొంచెం.

మాటలతో నవ్వించేవాళ్లు అప్పట్లో వీధికిద్దరు.
ఇతను నోరు విప్పేవాడు కాదు.
నిచ్చెన ఎత్తుకుని వచ్చేవాడు.
తలుపు ఇరుకు, నిచ్చెన అడ్డం.
అంతే, ఆ తలుపుతో పదకొండు నిమిషాలు.
బతిమాలి, అలిగి, టోపీ తీసి దణ్ణం పెట్టి,
చివరికి నిచ్చెన లోపలికొచ్చేది,
ప్యాంటు బయటుండిపోయేది.

ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే ఒకసారి
సూదిలోకి దారం ఎక్కిస్తూ చెప్పాడు:
"మంచు గడ్డకట్టిన పడవ మీద
పడకుండా ఉండటానికి మనుషులు పడే పాట్లు చూశాను.
పడ్డవాళ్ల దగ్గర నేర్చుకుందామంటే
వాళ్లు తిరిగి రాలేదు."
దారం ఎక్కింది. సూది నాకిచ్చేశాడు.

తర్వాత బస్సులో టికెట్ అడిగేవాళ్లు లేరు,
బెల్టు లాగని పిల్లలు లేరు.
వాళ్లమ్మని పూడ్చిన రోజు
గొయ్యి అవతల ఓ బుడ్డోడు
పాదిరి మాట వినకుండా
ఇతని నడుము వైపే కళ్లప్పగించి నిలబడ్డాడు.
ఈనాక్ కళ్లు తుడుచుకున్నాడు,
అటూ ఇటూ చూశాడు,
వాడి కోసం ఒక్క అంగుళం జారనిచ్చాడు.

టీవీకి రంగులొచ్చాయి.
గడ్డం పెంచిన కొత్త మేనేజరొచ్చాడు.
"నిచ్చెనల కాలం కాదండీ ఇది" అన్నాడట,
కుర్చీ కూడా చూపించకుండా.
ఏడాదిపాటు గ్రేవీ పొడి ప్రకటనలో గరిటె నాకాడు.
ఆపైన స్కెగ్నెస్‌లో, పిల్లల నాటకంలో
ఆవు వెనక కాళ్లు.
నాకు టికెట్ పంపి కింద రాశాడు:
"మొహం కనిపించదు. ఎడమవైపు తోక ఊపుతా,
అది నేనని గుర్తుపట్టు."
గుర్తుపట్టాను. తోక కుట్టు ఊడిపోతోంది కూడా.

టేపులు ఖరీదని చెరిపేశారు.
ఆరేళ్ల శనివారాలు.
డాంకాస్టర్ గుర్రప్పందాలు రికార్డు చేసుకున్నారు వాటి మీద.
ఈనాక్ మీదుగా గుర్రాలు పరుగెత్తాయి.
చెబితే ఇతను నవ్వాడు, "ఏది గెలిచింది?" అని.
ఆ చలికాలం దాటలేదు.

మొన్న రోథరమ్ నుంచి ఎవరో పెద్దాయన
ఒక క్యాసెట్ పంపాడు.
చిన్నప్పుడు టీవీ ముందు రికార్డర్ పెట్టి పట్టుకున్నాడట.
పాపం, చిన్నపిల్లాడు, నోరు విప్పని మనిషిని
చెవులతో దాచుకుందామనుకున్నాడు.

వేసి విన్నాను.
ఏమీ లేదు.
ఏమీ లేదు, కెటిల్ ఈల వేసింది,
ఎవరో దగ్గారు, కుక్క గోళ్లు నేలమీద టకటక,
మళ్లీ ఏమీ లేదు.
ఇదిగో, ఇప్పుడు నిచ్చెన.
ఇప్పుడు టోపీ తీశాడు.
నా వేళ్లు ఒళ్లో వాటంతటవే
ఒకటి, రెండు, మూడు...
ఏడు.

ఇల్లంతా విరగబడి నవ్వింది.
కుక్క మొరిగింది.
తండ్రి కాబోలు, నవ్వలేక ఏడుస్తున్నాడు.
ఆ గోలలో ఓ ఆడమనిషి గొంతు,
వంటింటి గుమ్మంలోంచి, టీ కప్పు చేతిలో ఉన్నట్టుంది:

"అయ్యో, ఆ మనిషికి ప్యాంటు
సరిగ్గా కుట్టిపెట్టే దిక్కే లేదా!"