కుట్టు వయసు

కాజీపేట బ్రిడ్జి దిగంగనే ఎడమ చేతికి
జిప్పులు, గొడుగులు, బడిపిల్లల బ్యాగులు.
నాది డబ్బా కొట్టు.
ఆ మధ్యాహ్నం తెల్ల గుడ్డసంచిలకెల్లి
పురిటిబిడ్డను తీసినట్టు తీసిందామె.

"ప్యారిస్‌ది అక్కా. అసలుదే.
ఎన్నేండ్లదో తేల్చి చెప్పాలె,
ఏండ్లను బట్టే రేటు."
పేరు మేఘమాల. హైదరాబాదుల పాత సరుకు అమ్ముతదట.
మండిబజార్ల ఒక తుక్కు దుకాణంల
సొట్టల కుక్కర్ల కింద దొరికిందట ఈ హ్యాండుబ్యాగు.

పశువుకైతే పండ్లు చూస్తం.
దీని నోరు తెరిస్తే జిప్పు పండ్లే.
ఇత్తడివి. మూలలకు పచ్చటి చిలుము,
నడిమిట్ల మాత్రం వేళ్ళు తిరిగిన కాడ
సన్నటి పసుపు మెరుపు.
"ముప్పై దాటింది" అన్న.

లోపలి జేబు అంచుకు, గోరు జొరనంత సందుల
గుద్దిన అంకెలు:
ఎనిమిది, నాలుగు, ఇంకోటి అరిగిపోయింది.
ఆమె ఫోన్ లైటేసి ఫొటో కొట్టింది.
"ఎనభై నాలుగు!"
ఆగు బిడ్డా, అంకెలు ఎవరైన గుద్దుతరు.
తోలు చెప్పాలె.

ముక్కుకు ఆనిచ్చిన.
కలరా ఉండలు, మొకం పౌడరు, ఎక్కడ్నో అడుగున
మా లందల తంగేడు చెక్క నానిన వాసనసొంటిదే,
ఇంకో దేశపు చెట్టుది.
కొత్తల జొన్నరొట్టె రంగుండె కావచ్చు.
ఎండకు, అరచేతి చెమటకు
ఇప్పుడు తాటిబెల్లం.
ఒక దిక్కే ఎక్కువ నల్లబడ్డది.
ఎప్పుడూ ఒకే చేతికి తగిలిచ్చుకునేదేమో;
రెండో చేతిల ఏం పట్టుకునేదో,
పిల్లనో, గొడుగునో, రైలు కమ్మినో.
లోపలి గుడ్డ వేలికి అంటుకుంటున్నది,
కరిగిన గమ్ము.
సరే, నలభై.

ఇగ అంగుళానికి కుట్లెన్నో లెక్కబెట్టిన.
తొమ్మిది. తొమ్మిది. తొమ్మిది.
పిడి మొదట్ల మాత్రం ఏడు.

అక్కడ ఆగిపోయిన.

మైనం పట్టిన దారం,
చివరికి మూడు వెనక్కుట్లు,
ముడి కనపడకుంట తోలే మింగినట్టు.
ఆరె ఎడమచేతితోని దిగితే
వచ్చే వాలు అది.
ఈ చౌరస్తాల ఎడమచేతి ఆరె ఒక్కటే ఉండె.
మాతంగి ఓదెలు. మా బాపు.

ఆయన ఎన్నడూ ఏ అంకె గుద్దలే.
సంతకం రాదు, వేలిముద్రనే.
గని ఈ కుట్లు నిటారుగ నిలవడ్డయి:
డీజిల్ కాలనీ గేటు కాడ గోనెసంచి పరుసుకొని
కూసున్న రోజులవి.
నేను నాలుగు తప్పిన యేడు ఆయన చెయ్యి వణుకవట్టింది.
అటెన్క ఏం కుట్టినా
వానల చెదిరిన చీమల బారు.
అంటే తొంభై ఒకటికి ఇవతలిది కాదు.

ఏ ఆఫీసరమ్మ తెచ్చిందో,
రూపాయి అడిగితే బారాణ ఇచ్చిపోయిందో.
చేతిలున్నది ఏందో బాపుకు తెలుసా?
పేరు తెలవది. తోలు తెలిసే ఉంటది.
ఆ రాత్రి బువ్వ తినే ముందు
చేతులు కడుక్కోకుంట కొంచెం సేపు
వాసన చూసుకున్నడేమో.

మేఘమాల వేలు పెట్టింది సరిగ్గ ఆడ్నే.
"ఇది కంపెనీ కుట్టు కాదు కదక్కా.
సగం రేటు పోతది. ఊడదీసి
మిగతా తీరుగ తొమ్మిది ఎయ్యరాదూ?"

ఎయ్యొచ్చు.
గంట పని. ఆ రంగు దారం గూడ
డబ్బాల ఉన్నది.

"ఊడదీస్తే తోలు చినుగుతది" అన్న.

గిరాకీలకు అబద్ధాలు చాన చెప్పిన,
రేపిస్తనని, ఎల్లుండి పక్కా అని.
ఇసొంటిది ఇదే మొదలు.

చీటీ రాసియ్యమన్నది, కొనేటోళ్ళకు చూపాలెనట.
రాసిన:
బ్యాగు, నలభై ఏండ్ల పైన.
పిడి కుట్టు, ముప్పై నాలుగుకు తక్కువ గాదు.
రెండూ అసలుయే.

చదువుకొని నవ్వింది.
ఫోన్ల యాభై కొట్టింది.
మళ్ళ తెల్లగుడ్డల చుట్టేటప్పుడు మాత్రం
పిడిని, ఆ ఏడు కుట్లను,
లోపలికి మడిచింది.