తొమ్మిదింటి దాకా గడువు

అన్న పోయింది మధ్యాహ్నం మూడింటికి.
ఆరు గంటల్లోపు అయితేనే, అన్నాడు
ఐస్ పెట్టె మోసుకొచ్చిన కుర్రాడు ఇళమారన్,
మెట్లమీదే నిలబడి
చెప్పులు విప్పాలో వద్దో తేలక.

పుదుపేటలో మా కొట్టుకి బోర్డు లేదు.
చెంగల్రాయుడి కొట్టంటే చాలు, చెయ్యి చూపిస్తారు.
గుద్దుకుని చచ్చిన అంబాసిడర్ల దీపాలు
జతలు జతలుగా తీగకి వేలాడుతుంటాయి.
బండి పోతే పోయిందిరా, వెలుగెందుకు పోవాల?
అని అన్న ఎప్పుడో సంతకం పెట్టిన కార్డు
కరెంటు రశీదుల మధ్య దొరికింది,
బొటనవేలి నూనె మరకతో సహా.

పెద్దమ్మ గడపకి అడ్డం కూర్చుంది.
"కండ్లిస్తే వొచ్చే జన్మకి గుడ్డోడై పుడతాడు.
నా పానం పోయినా ఒప్పుకోను."

వదిన నా వైపు చూసింది.
గోడ గడియారం నాలుగున్నర.

దుఃఖం కంటే కోపం సులువు కనక
కోపంగానే అడిగాను:
ఎవరు చెప్పారు నీకు?
"మా యమ్మ."
అమ్మమ్మకెవరు చెప్పారు?

ఊరుకుంది.
కింద వీధిలో ఎవడో సైలెన్సర్ మీద సుత్తితో కొడుతున్నాడు.
చావిల్లని గుర్తొచ్చి ఆపుతాడు,
మర్చిపోయి మళ్ళీ కొడతాడు.

అప్పుడు చెప్పింది, నాకు కాదు, అన్న పాదాలకి.

"తడ కాడ, ఉప్పు మడుల మధ్య మా ఇల్లు.
నా వెనకాల పుట్టింది నాగులు.
మూడో నెల్లో దీపం చూపిస్తే కండ్లు తిప్పలేదు.
ఊరంతా మా యమ్మనే అడిగినారు,
గ్రహణం నాడు కత్తిపీట పట్టినావా,
ఎవురి ఉసురు పోసుకున్నావని.
నెల దినాలు యమ్మ గంజి కూడా సరిగా ముట్టలేదు.
ఒకనాడు సోది చెప్పే ముసిలామె వొచ్చి నీళ్ళడిగింది.
తాగి, బిడ్డని ఒళ్ళో ఏసుకుని చూసి,
నీ తప్పేం లేదు తల్లీ అనింది.
ఈ పిల్ల పోయిన జన్మలో
ఎవురికో కండ్లిచ్చేసి వొచ్చింది అనింది.
ఆ పూట మా యమ్మ అన్నం తినింది."

ఏ పురాణంలో ఉందో చూపించమని అడగబోయిన నేను
నోరు మూసుకున్నాను.
ఒక చెంబు నీళ్ళకి బదులుగా
ఆ ముసలామె ఇచ్చిపోయిన మాట అది.
ఓదార్పుగా మా గడప దాటి వచ్చింది.
డెబ్భై ఏళ్ళు మా ఇంట్లో తిండి తిని
ఎప్పుడు చట్టమై కూర్చుందో
ఎవరమూ చూడలేదు.

ఆరు. ఆరుంబావు.
ఇళమారన్‌కి ఎవరో టీ ఇచ్చారు.
మూడు బ్యాంకు ఫోన్లు ఎత్తి, వస్తున్నానన్నాడు.

"ఒకటి ఇయ్యండి. ఒకటి ఉంచండి వాడికి."
రెండూ తీస్తాం పాటీ, అన్నాడు ఆ అబ్బాయి,
తన తప్పయినట్టు తల వంచుకుని.
"ఎవురికి పెడతారో చెప్తారా?"
చెప్పరు.
"ఆడా, మొగా అనైనా?"
అదీ చెప్పరు.

ఏడున్నరకి
మోకాళ్ళు పట్టుకుని గడప మీంచి లేచింది.
"గుడ్డోడై పుడితే పుట్టనీ.
నాకే పుట్టమని చెప్పండి వాడికి.
నాగుల్ని పన్నెండేండ్లు నడిపించినా,
అది పోయిందాకా, ఆ మడుల గట్ల మీద.
నా చెయ్యికి అలవాటే."

ఆమెకి డెబ్భై అయిదు.
ఎవరమూ ఒక్క మాట అనలేదు.

ఇళమారన్ చెప్పులు విప్పాడు.
ఫ్యాన్ ఆపమన్నాడు, తలుపు వేసుకున్నాడు.
ఇరవై నిమిషాలు.
మళ్ళీ లోపలికెళ్ళి చూస్తే
అన్న రెప్పలు మూసే ఉన్నాయి.
మీసం మీద గ్రీజు కూడా అలాగే ఉంది,
పొద్దున వదిన తుడుచుకోమన్నది.

పెట్టె ఎత్తుకుని కుర్రాడు దిగుతుంటే
వెనకే పెద్దమ్మ,
వద్దన్నా వినకుండా, గోడ పట్టుకుని.
మలుపు దగ్గర బల్బు పోయి నెలవుతోంది.
"నాయనా, ఆడ మెట్టు విరిగుండాది"
అని చీకట్లోకి
చెయ్యి చాచింది.